గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభం కాదు



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ బయట చెప్పులు వెతుక్కుంటూ, ఒకరినొకరు పలకరించుకుంటూ ఉన్నారు. అప్పుడు ఒక సహోదరి నా దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమె చేతిలో బట్ట సంచి, సంచిలో పిల్లవాడు సగం రాసి వదిలేసిన నోటుపుస్తకం ఉన్నాయి. ఆమెది చేవెళ్ళ వైపు ఒక పల్లె. హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళి, చార్మినారు పక్కన లాడ్ బజారులో లక్క గాజులు టోకున కొని తెచ్చి, చుట్టుపక్కల సంతలలో అమ్ముతుంది. ఈ పని మొదలుపెట్టి అప్పటికి నెల దాటింది.

“సారూ, ఒక లెక్క తెలుస్తలేదు,” అన్నది. “గాజులు మంచిగనే అమ్ముడువోయినయి. సెట్టుకు డెబ్బై రూపాయలు మిగులుతున్నయి. అయినా మళ్ళ సరుకుకు పోదామంటే చేతిల పైసలు లేవు. ఇంట్ల దొంగలు పడలే, దవాఖానకు పెట్టలే. పైసలు యాడికి పోయినయి సారూ?”

“కూర్చో అమ్మా, చూద్దాం,” అని నోటుపుస్తకం అందుకున్నాను.

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. పాలు పోసేవారు, కుట్టుమిషను పెట్టుకున్నవారు, నాటుకోళ్ళు పెంచేవారు, ఊళ్ళో చిన్న కిరాణా నడిపేవారు, పచ్చళ్ళు పెట్టి అమ్మేవారు, అందరూ ఏదో ఒక రోజు అడిగేదే. నాకు మాత్రం మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన మా ఊళ్ళో కొన్నేళ్ళు కిరాణా కొట్టు నడిపి మూసివేశారు. ఉద్దెర ఇచ్చి చెడిపోయాడని ఊరంతా అన్నారు. ఆయన పోయిన తరువాత పాత చిట్టా పుస్తకాలు తిరగేస్తే వేరే సంగతి తెలిసింది. ఉద్దెర ఎవరి పేరున ఎంత ఉన్నదో ఆయన పైసాతో సహా రాశారు. కాని మా చదువులకు, పెళ్ళిళ్ళకు గల్లాలోంచి తీసిన డబ్బు ఒక్క చోట కూడా రాయలేదు. కొట్టును ఖాళీ చేసినది ఊరి బాకీలకంటే మా ఇంటి అవసరాలే.

అందుచేత ఈ నెల మన శీర్షికలో వ్యాపారపు లెక్కలోని కొన్ని మాటలు నేర్చుకుందాం. ఇంటరులో కామర్సు చదివే పిల్లలకు ఇవి తెలిసినవే. కాని అమ్మకం చేసే తల్లిదండ్రులకు వీటితో ఎక్కువ పని ఉన్నది. ఆ సహోదరి లెక్కనే ఆమె అనుమతితో ఉదాహరణగా తీసుకుంటున్నాను. సులువుగా అర్థం కావాలని అంకెలను గుండు అంకెలుగా మార్చాను గనుక వీటిని బజారు ధరలుగా ఎవరూ అనుకోవద్దు.

ధర ఎక్కడ పుడుతుంది?

చార్మినారు 1591లో కట్టినది. దాని నుండి నాలుగు వైపులా వెళ్ళే నాలుగు దారులలో పడమటి దారి లాడ్ బజారు. అది మహబూబ్ చౌక్ వరకు సాగుతుంది. చూడీ బజారు అని కూడా పిలుస్తారు. అక్కడ దీపాల వెలుగులో మెరిసే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ‘హైదరాబాదు లక్క గాజులు’ అన్న పేరును ఇక వేరే చోట చేసిన సరుకుకు పెట్టి అమ్మకూడదు.

ఆ గాజు ఎలా తయారవుతుందో గమనిస్తే లెక్కలోని మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది. లక్క చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు పెట్టేది. మోదుగ, రేగు వంటి చెట్ల మీద అది పేరుకుంటుంది. మన దేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు ఎక్కువగా దొరుకుతుంది. ఆ లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరచి, రంగు కలిపి, సాగదీసి, గుండ్రంగా చుట్టి గాజు చేస్తారు. వేడి మీద ఉండగానే రాళ్ళు, అద్దం ముక్కలు, పూసలు ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు.

ఇప్పుడు చూడండి. లక్క, రాళ్ళు, అద్దాలు, అద్దే పనివారి కూలి, ఇవి ప్రతి గాజులోకీ నేరుగా వెళ్ళే ఖర్చులు. వీటిని ప్రత్యక్ష ఖర్చులు అంటారు. దుకాణం అద్దె, కరెంటు బిల్లు, లెక్కలు రాసే గుమాస్తా జీతం, ఇవి ఏ ఒక్క గాజుకూ చెందవు, కాని అన్ని గాజులూ కలిసి మోయాలి. ఇవి పరోక్ష ఖర్చులు. ఈ రెండూ కలిస్తేనే గాజు అసలు ఖరీదు తెలుస్తుంది. పనివాడు ‘లక్కకు ఇంత, రాళ్ళకు ఇంత’ అని మాత్రమే లెక్క వేసి, ఇంట్లో భార్యాపిల్లలు రాత్రి వరకు కూర్చుని అద్దిన రాళ్ళకు కూలి కట్టకపోతే, ధర తక్కువ చెప్పి తన ఇంటివారి శ్రమను ఉచితంగా అమ్మినవాడవుతాడు.

మన సహోదరి చేసిన పొరపాటు కూడా సరిగ్గా ఇటువంటిదే.

కొన్న ధర వేరు, పడిన ధర వేరు

ఆమె 80 సెట్లు కొన్నది. సెట్టు రూ. 150 చొప్పున రూ. 12,000 అయినది. సంతలో రూ. 220కి అమ్మింది. 220 లోంచి 150 తీస్తే 70. అందుకే సెట్టుకు డెబ్బై మిగులుతున్నదని అన్నది.

“సరుకు ఇంటికి ఎట్లా తెచ్చినవమ్మా?” అని అడిగాను.

“బస్సుకు పైసలు లేవు గద సారూ. ఆటోకు, హమాలీకి, అట్టపెట్టెలకు నాలుగు వందలైనయి.”

2023 డిసెంబరు 9న మన తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలైంది గనుక ఆమెకు టికెట్టు ఖర్చు లేదు. మంచిదే. కాని ఇమ్లీబన్ బస్టాండు నుండి చార్మినారుకు ఆటో, మూట మోసినవారి కూలి, పెట్టెలు, ఇవన్నీ సరుకు ఇల్లు చేరడానికి అయిన ఖర్చులే. వీటిని కొన్న ధరకు కలపాలి. 12,000కు 400 కలిపితే 12,400. దాన్ని 80తో భాగిస్తే సెట్టుకు రూ. 155. ఇదే ఆమెకు పడిన ధర. మిగిలేది 70 కాదు, 65. సెట్టుకు అయిదు రూపాయలే గదా అనిపిస్తుంది. ఎనభై సెట్లకు అది నాలుగు వందలు.

ఈ రూ. 12,400 ఆమె పెట్టుబడి. అందులో 2,400 సొంత డబ్బు, 10,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది.

అమ్మకాలు, నికర అమ్మకాలు

నెల రోజులలో ఆమె 60 సెట్లు అమ్మింది. 60ని 220తో హెచ్చిస్తే 13,200. దీన్ని మొత్తం అమ్మకాలు అంటారు. కాని ఆ డబ్బంతా నిలవలేదు. ఇద్దరు ఆడవారు గాజులు చేతికి పట్టలేదని తిరిగి ఇచ్చి డబ్బు తీసుకున్నారు. అవి అమ్మకాల వాపసులు, రూ. 440. బేరమాడిన వారికి పదీ ఇరవై తగ్గించింది. ఆ తగ్గింపులు అన్నీ కలిపి రూ. 560. మొత్తం అమ్మకాలలోంచి ఈ రెండూ తీసివేస్తే వచ్చేది నికర అమ్మకాలు, అనగా రూ. 12,200. లాభం లెక్క ఎప్పుడూ ఈ అంకె నుండి మొదలుపెట్టాలి. పై అంకె చూసి సంతోషపడకూడదు.

మిగిలిన సరుకూ లెక్కలో భాగమే

ఇక సరుకు సంగతి. 60 అమ్మి 2 వాపసు తీసుకున్నది గనుక నిజంగా అమ్ముడుపోయినవి 58. 80లోంచి 58 పోగా 22 ఉండాలి. కాని రెండు సెట్లు పాడైపోయాయి. లక్క వేడికి మెత్తబడే పదార్థం. ఎండలో సంత నేల మీద పరిచితే వంకర పోతుంది, రాళ్ళు ఊడిపోతాయి. అంటే మంచి సరుకు 20 సెట్లు. 155 చొప్పున రూ. 3,100. దీన్ని ముగింపు సరుకు అంటారు.

అమ్మిన సరుకు ఖరీదు కనుక్కునేందుకు ఒక సూత్రమున్నది. నెల మొదట్లో ఉన్న సరుకుకు ఆ నెల కొన్నదాన్ని కలపండి. అందులోంచి నెల చివర మిగిలిన సరుకును తీసివేయండి. ఆమెకు ఇది మొదటి నెల గనుక ప్రారంభపు సరుకు ఏమీ లేదు. 12,400 లోంచి 3,100 తీస్తే 9,300. ఇది అమ్మిన సరుకు ఖరీదు. పాడైన రెండు సెట్ల ఖరీదు కూడా ఇందులోనే కలిసిపోయింది. ఎవరూ వేరుగా రాయకపోయినా ఆ నష్టం లెక్కలోకి వచ్చి తీరుతుంది.

మిగిలిన ఇరవై సెట్లు చూపించమన్నాను. అందులో పదకొండు చిన్న సైజువి. గాజుల సైజు అంగుళాలలో, అంగుళానికి పదహారు భాగాల చొప్పున చెబుతారు. పాత అణాల లెక్క వంటిదే. రెండు-నాలుగు అంటే రెండుంపావు అంగుళాలు, రెండు-ఎనిమిది అంటే రెండున్నర. సంతకు వచ్చేవారు ఆమెను ఎక్కువగా అడిగినవి రెండు-ఆరు, రెండు-ఎనిమిది. ఆమె మాత్రం రంగు చూసి, మెరుపు చూసి అన్ని సైజులూ సమానంగా తెచ్చుకున్నది. లక్క గాజు సాగదు, వంగదు. చేతికి పట్టకపోతే ఎంత అందమైనదైనా పెట్టెలోనే ఉంటుంది.

ఇక్కడ పెద్దవారు పెట్టిన మంచి నియమం ఒకటి ఉన్నది. మిగిలిన సరుకును పడిన ధరకు గాని, ఇప్పుడు అమ్మితే వచ్చే ధరకు గాని, ఏది తక్కువైతే దానికే లెక్క కట్టాలి. ఆ పదకొండు సెట్లు రూ. 120కి తప్ప పోవని తేలితే, సెట్టుకు 35 చొప్పున రూ. 385 నష్టాన్ని ఇప్పుడే ఒప్పుకోవాలి. అమ్ముడుపోని సరుకుకు మంచి ధర రాసుకుని లాభం వచ్చిందనుకోవడం మనల్ని మనమే మోసగించుకోవడం. ఆమె ఆ గాజులను సైజు మార్చి ఇమ్మని దుకాణదారును అడుగుతానన్నది గనుక ప్రస్తుతానికి 155కే ఉంచాము.

రెండు లాభాలు

నికర అమ్మకాలు రూ. 12,200. అమ్మిన సరుకు ఖరీదు రూ. 9,300. తేడా రూ. 2,900. దీన్ని స్థూల లాభం అంటారు. ఇది ఇంకా మన లాభం కాదు. అమ్మడానికి అయిన ఖర్చులు ఇందులోంచే పోవాలి. ఆమె ఖర్చులు ఇవి:

సంతలో చోటుకు ఇచ్చిన తై బజారు, నాలుగు వారాలకు రూ. 200
సంతలకు పోయి వచ్చిన ఆటో రూ. 600
ఫోను ఖర్చు రూ. 100
అప్పుకు వడ్డీ రూ. 200
మొత్తం రూ. 1,100

2,900 లోంచి 1,100 తీస్తే మిగిలినది రూ. 1,800. ఇదే నికర లాభం. ఆమె మనసులో ఉన్న లెక్క, అరవై సెట్లకు డెబ్బై చొప్పున రూ. 4,200. నిజంగా వచ్చినది అందులో సగం కూడా లేదు.

నేను ఈ అంకె చెప్పినప్పుడు ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నది, “బాబు ఫీజు నాలుగు వేలు అందులకెల్లే కట్టిన సారూ.”

పైసలు యాడికి పోయినయి?

ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. నికర అమ్మకాలు 12,200 అయినా అందులో రూ. 2,400 ఉద్దెర. ఇంకా రావాలి. చేతికి వచ్చినది 9,800. అందులో ఖర్చులకు 1,100 పోగా 8,700. ఫీజుకు 4,000 పోగా మిగిలినది 4,700. పెట్టెలు మళ్ళీ నిండి మొదట ఉన్న 80 సెట్లు కావాలంటే, అమ్ముడుపోయినవీ పాడైనవీ కలిపి అరవై సెట్లు కొనాలి. దానికి 9,300 కావాలి. తక్కువ పడినది రూ. 4,600.

ఆ 4,600లో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఉద్దెరలో చిక్కుకున్న 2,400. అది వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, కొంత రాకపోవచ్చు కూడా. రెండవది 2,200. లాభం 1,800 మాత్రమే ఉండగా 4,000 తీసినందువల్ల పెట్టుబడిలోంచి పోయినది. మన పెద్దలు అసలుకే ఎసరు అంటారే, అది ఇదే. దొంగలు పడకుండానే ఆమె పెట్టుబడి తరిగిపోయింది. పైగా అందులో ఎక్కువ భాగం వడ్డీకి తెచ్చిన సొమ్ము.

పిల్లవాడి ఫీజు కట్టడం తప్పు కాదు. ఏ తల్లి అయినా కడుతుంది. అయితే అది లాభంలోంచి కట్టానని ఆమె నమ్మింది. అక్కడ చిక్కు వచ్చింది. ఫీజు పెట్టుబడిలోంచి పోతున్నదని ముందే తెలిసి ఉంటే, సగం ఇప్పుడు, సగం వచ్చే నెల కడతానని బడిలో అడిగి ఉండేది. లెక్క తెలిస్తే అడిగే ధైర్యం కూడా వస్తుంది.

ఇల్లు గడవడానికి వ్యాపారంలోంచి తీసే డబ్బును సొంతవాడకాలు అంటారు. ఇది ఖర్చు కాదు, లాభమూ కాదు. యజమాని తన వ్యాపారం దగ్గర తీసుకున్నది. లాభం మించి తీసుకుంటే వ్యాపారం చిక్కిపోతుంది. ఈ ఒక్క మాట మా నాన్నగారికి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎన్ని అమ్మితే ఒడ్డున పడతాము?

ఖర్చులలో రెండు రకాలున్నాయి. గాజుల ఖరీదు, ఎన్ని సెట్లు అమ్మితే అంత పెరుగుతుంది. అది మారే ఖర్చు. తై బజారు, ఆటో, ఫోను, వడ్డీ, ఇవి ఒక్క సెట్టు అమ్మినా అరవై అమ్మినా అంతే. అవి స్థిర ఖర్చులు. వాన పడి సంత జరగకపోయినా వడ్డీ ఆగదు గదా.

స్థిర ఖర్చు నెలకు 1,100. సెట్టు మీద మిగిలేది 65. 1,100ని 65తో భాగిస్తే దాదాపు 17. అంటే మొదటి పదిహేడు సెట్లు ఖర్చులకే సరిపోతాయి. పద్దెనిమిదవ సెట్టు నుండి లాభం మొదలవుతుంది. దీన్నే బ్రేక్ ఈవెన్ పాయింటు అంటారు. లాభమూ లేదు నష్టమూ లేదు, ఒడ్డున పడ్డాము అని అర్థం.

ఇప్పుడు బేరంలో ఇరవై తగ్గించి 200కే అమ్మితే? మిగిలేది 45. అప్పుడు 25 సెట్లు అమ్మితే గాని ఒడ్డున పడదు. ఇరవై రూపాయల తగ్గింపు ఎనిమిది సెట్ల శ్రమను అదనంగా తెచ్చిపెట్టింది. ఇక ఖర్చులు పోయి ఫీజుకు 4,000 కూడా మిగలాలంటే, 5,100ని 65తో భాగించండి. 79 సెట్లు. తెచ్చిన ఎనభైలో డెబ్బైతొమ్మిది, ఒక్క రూపాయి తగ్గించకుండా, ఒక్కటీ పగలకుండా అమ్మాలి. ఇది సరుకు కొనకముందే వేసుకోదగిన లెక్క.

నూటికి ఎంత అన్నప్పుడు జాగ్రత్త

చాలామంది పొరబడే చోటు ఇంకొకటి ఉన్నది. వంద రూపాయలకు కొని 125కి అమ్మామనుకోండి. లాభం 25. కొన్న ధర మీద చూస్తే నూటికి 25. అమ్మిన ధర మీద చూస్తే 125లో 25, అనగా నూటికి 20 మాత్రమే. ‘నాకు నూటికి ఇరవైఅయిదు మిగులుతుంది గదా, పండుగకు నూటికి ఇరవైఅయిదు తగ్గించినా అసలు వస్తుంది’ అనుకుని బోర్డు పెట్టినవాడు మునిగిపోతాడు. ఎందుకంటే 125లో నూటికి 25 తగ్గిస్తే ధర 93 రూపాయల 75 పైసలు అవుతుంది. వందకు కొన్నది ఆ ధరకు పోతుంది. తగ్గింపు ఎప్పుడూ అమ్మే ధర మీద పడుతుంది. కనుక లాభాన్ని కూడా అమ్మే ధర మీదనే చూసుకోవడం క్షేమం.

మన రెక్కల కష్టం

ఆమె ఒక రోజు హైదరాబాదుకు, నాలుగు రోజులు సంతలకు పోయింది. మొత్తం అయిదు రోజులు. ఆ రోజులలో కూలికి పోతే రోజుకు 300 వస్తుందనుకుంటే 1,500. నికర లాభం 1,800లోంచి అది తీసివేస్తే మిగిలేది 300. బస్సు ఉచితమైనా ఆ రోజు ఉచితం కాదు. ఈ అంకెను పుస్తకంలో ఖర్చుగా రాయనవసరం లేదు. కాని ఈ పని చేయాలా, మానాలా అని ఆలోచించేటప్పుడు దాన్ని మరచిపోకూడదు.

ఇది చెబితే ఆమె నిరుత్సాహపడుతుందేమోనని భయపడ్డాను. ఆమె నవ్వింది. “మూడు వందలైనా మిగిలినయి గద సారూ. సైజులు సరిగ తెస్తే ఇంకా మిగులుతయి,” అన్నది. నిజమే. లెక్క తెలిసిన మనిషికి ఎక్కడ చెయ్యి వేస్తే సరిపడుతుందో కనిపిస్తుంది.

అయిదు పుటల పుస్తకం

మన పూర్వపు షావుకార్లు ఏ రోజుది ఆ రోజు చిట్టాలో రాసి, తరువాత ఎవరి పద్దు వారికి ఆవర్జాలో ఎక్కించేవారు. 1494లో ఇటలీ దేశపు వెనిస్ నగరంలో అచ్చయిన ఒక గణిత గ్రంథంలో లూకా పచోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఆ ఊరి వర్తకులు ప్రతి పద్దునూ రెండు పక్కల రాసే పద్ధతిని వివరించాడు. ఆయన దాన్ని కనిపెట్టలేదు. వర్తకులు అప్పటికే చేస్తున్నదాన్ని అందరికీ తెలిసేలా రాసిపెట్టాడు. నేటికీ పెద్ద కంపెనీల లెక్కలకు అదే పునాది.

మనకు అంత అవసరం లేదు. ఒక నోటుపుస్తకం చాలు. అందులో అయిదు చోట్ల గుర్తు పెట్టుకోండి.

మొదటిది కొనుగోళ్ళు. సరుకు ధరతో పాటు ఆటో, హమాలీ కూడా అక్కడే రాయాలి.
రెండవది అమ్మకాలు. వాపసు వచ్చినది, తగ్గించినది అదే పుటలో పక్కన రాయాలి.
మూడవది ఖర్చులు. అయిదు రూపాయల టీ అయినా వ్యాపారం పని మీద తాగితే రాయాలి.
నాలుగవది ఉద్దెర. పేరు, తేదీ, మొత్తం, ఎప్పుడు ఇస్తానన్నారో రాయాలి. పల్లెలో ఉద్దెర ఇవ్వనని అనలేము. కాని ఇంత మించి ఇవ్వనని ముందే ఒక హద్దు పెట్టుకోవచ్చు.
అయిదవది ఇంటికి తీసినది. మా నాన్నగారి పుస్తకంలో లేనిది ఈ పుటే.

ఈ రోజుల్లో డబ్బు సగం ఫోనులోనే వస్తున్నది. గాజుల డబ్బు, భర్త కూలి డబ్బు, బంధువులు పంపినది అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతే ఏది ఏదో తెలియదు. వీలైతే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. వీలుకాకపోతే సాయంత్రం ఫోను చూసి ఆ రోజు వచ్చినది పుస్తకంలో ఎక్కించండి. నెల చివర ఒక పూట కూర్చుని మిగిలిన సరుకు లెక్కపెట్టండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. కూడికలు వారు చేస్తారు, ఇల్లు ఎలా గడుస్తున్నదో వారికీ తెలుస్తుంది.

ఆ సహోదరి ఈ మధ్య మళ్ళీ కనిపించింది. దుకాణదారు పదకొండులో ఎనిమిది సెట్లకు సైజు మార్చి ఇచ్చాడట. ఉద్దెరలో సగం వసూలైనదట. చేతిలో ఉన్న డబ్బుకు తగినంతే, ముప్పై సెట్లే తెచ్చిందట. అన్నీ రెండు-ఆరు, రెండు-ఎనిమిది సైజులే. నోటుపుస్తకం తెరిచి అయిదవ పుట నాకు చూపించింది. ఆ నెల ఇంటికి తీసినది అని ఒకే ఒక పద్దు ఉన్నది, రూ. 600.

“ఇంతే తీసిన సారూ. మిగిలింది గాజులది,” అన్నది.

మీలో ఎవరైనా చిన్న వ్యాపారం చేస్తుంటే ఈ నెల నుండే అయిదు పుటలు మొదలుపెట్టండి. నెల చివర లెక్క తేలకపోతే మీ పాస్టరుగారి ద్వారా గాని, ఉత్తరం ద్వారా గాని మాకు తెలియజేయండి. పేర్లు రాయకుండా ఈ శీర్షికలో జవాబు చెబుతాము. వచ్చే నెల ఉద్దెర గురించి, రాని బాకీలను ఎలా లెక్కలో పెట్టుకోవాలో చూద్దాం.